చదవలేడు గానీ, వింటే వదలడు

చెల్లీ, నీ ఉత్తరం చదివాను. నాలుగో తరగతికొచ్చినా పిల్లాడు ‘వనం’ అని ఉన్నచోట ‘మనం’ అంటున్నాడనీ, ‘పాలు’ని ‘వాలు’ చేస్తున్నాడనీ, ఒత్తు కనబడితే అక్కడే చతికిలబడుతున్నాడనీ రాశావు. అదే పాఠం నువ్వు చదివి వినిపిస్తే మర్నాడు పొల్లుపోకుండా అప్పజెప్తున్నాడట కదా! మరి వాడికి బుర్ర లేదని ఎలా అంటారమ్మా? మన వ, మ, ప, ష పక్కపక్కనే రాసి చూడు. ఒకే వంపు, చిన్న గీతలోనే తేడా.

ముందు కళ్లూ చెవులూ చూపించు. అవి బాగుంటే క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లు. డిస్లెక్సియా, అంటే చదవడం రాయడంలో వచ్చే ఇబ్బంది అని తేలితే దిగులుపడకు. అది మందుతో పోదు, దెబ్బలతో అసలే పోదు. చదువు చెప్పే తీరు మార్చుకోవాలి, అంతే.

అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి, పిల్లాడి వేలు పట్టి దిద్దిస్తాం కదా. వెనకటి వీధిబళ్లలో ఇసుకలో దిద్దించేవారు. కన్ను చూస్తుంది, వేలు తిరుగుతుంది, నోరు పలుకుతుంది, చెవి వింటుంది. ఇలాంటి పిల్లలకి ఇప్పుడు నిపుణులు చేయించేదీ ఇంచుమించు ఇదే. మనం ఆ ఒక్కరోజుతో పళ్లెం ఎత్తేస్తాం! వాడికి తికమకపెట్టే అక్షరాల్ని రెండేసి చొప్పున తీసుకుని, ఒక్కొక్కటిగా బియ్యంలో దిద్దించు. ‘మ’ బాగా వచ్చాకే ‘వ’ జోలికి వెళ్లు.

ఇక ఫోను సంగతి. పాఠం పేజీకి కెమెరా చూపిస్తే చదివి వినిపించే యాప్‌లున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లో తెరమీది అక్షరాల్ని చదివిపెట్టే ఏర్పాటు సెట్టింగుల్లోనే ఉంటుంది. చూపులేనివాళ్లు వాడే టాక్‌బ్యాక్ కూడా అక్కడిదే. కంప్యూటర్ అయితే తెరమీదిది చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది. తెలుగు వింటుంటే ఒక్కోసారి నవ్వొస్తుందనుకో, సంయుక్తాక్షరాల దగ్గర అదీ మనవాడిలాగే తడబడుతుంది. నోటితో చెబితే తెలుగులో టైపు చేసిపెట్టే కీబోర్డులూ ఉన్నాయి.

‘పాఠం చెవిలో పోస్తే వాడింక చదువుతాడా? సోమరి అయిపోడూ!’ అన్నారట మీ అత్తగారు. ఆవిడ భయం నాకు అర్థమైంది. అందుకే ఒక పని చెయ్యి. తెలుగు చదవడం నేర్పే అరగంట వేరు, సోషల్ నేర్చుకునే గంట వేరు. అరగంటలో ఫోను పక్కన పెట్టు. సోషల్ దగ్గర మాత్రం విననీ, వింటూ వేలితో వరస వెంట పోనీ. కాకతీయుల గురించి తెలుసుకోవాల్సిన పిల్లాడు ‘క్ష’ దగ్గర ఇరుక్కుపోతే చరిత్రా రాదు, అక్షరమూ రాదు.

బళ్లో మాట్లాడాలంటే మొహమాటమన్నావు. టీచరుగారి మీద ఫిర్యాదులా కాకుండా చిన్న చిన్న కోరికలుగా అడుగు. మనవాడిని అందరిముందూ నిలబెట్టి చదివించవద్దనీ, జవాబు నోటితో అడగమనీ చెప్పు. క్లాసులో తీరు మారాల్సింది మనవాడొక్కడి కోసమే కాదు. టీచరు బోర్డుకేసి తిరిగి మాట్లాడితే పెదాలు చూసి అర్థం చేసుకునే చెవిటిపిల్లకి ఆ పాఠం పోయినట్టే. లెక్క చెబుతూ ‘ఇది తీసుకెళ్లి దీంట్లో కలిపితే అదొస్తుంది’ అంటే చూపులేని పిల్లకి ఏం తెలుస్తుంది? ‘పన్నెండుకి ఏడు కలిపితే పందొమ్మిది’ అని పైకి చెబితే ఆ పిల్లకే కాదు, వెనకబెంచీ వాళ్లందరికీ బోధపడుతుంది. వీటికి పైసా ఖర్చు లేదు. లక్షలు పోసి స్మార్ట్ బోర్డు పెట్టి, దానిముందు కూడా ‘ఇది, అది’ అనే చెబితే ఏం లాభం!

చట్టం కూడా మనవైపే ఉంది. 1995 వికలాంగుల చట్టంలో వైకల్యాలు ఏడే. 2016 చట్టం వాటిని 21 చేసి, చదవడం రాయడంలో వచ్చే ఈ ఇబ్బందినీ చేర్చింది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు అన్నీ అందులో ఉన్నాయి. అర్హత ఉంటే గంటకి కనీసం 20 నిమిషాలు ఎక్కువ. ఈ ఇబ్బందికి సర్టిఫికెట్ ఎనిమిదేళ్లు నిండాకే ఇస్తారు, మీవాడికి ఆ వయసొచ్చింది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం పెట్టిన భవిత కేంద్రం ఉంటే అక్కడి ప్రత్యేక టీచర్లని (ఐఈఆర్‌పీలని) కలువు, దారి చెబుతారు. నోటిమాటగా కాదు, కాగితం మీద అడుగు.

మచిలీపట్నం దగ్గర పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకి పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్సు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోకపోతే కోర్టుకెళ్లి మరీ సాధించుకున్నాడు. పాఠాలు ఆడియోలో విని చదివి 98 శాతం తెచ్చుకున్నాడు, ఆనక అమెరికాలో ఎంఐటీకి వెళ్లాడు. 2024లో ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది, అత్తగారికి చూపించు. అందరూ ఎంఐటీకే వెళ్లాలని కాదు నా మాట. విని చదివిందీ చదువేనని ఆవిడకి తెలియాలి.

ఇంకొకటి. ఆవిడ బాగా చదువుతారని రాశావుగా. ఆ సోషల్ పాఠాలేవో ఆవిడ చేతే చదివించి ఫోన్లో రికార్డు చెయ్యి. యంత్రం గొంతుకన్నా నానమ్మ గొంతయితే వాడు ఇంకో రెండు పేజీలు ఎక్కువ వింటాడు. మొదలెట్టే ముందు పాఠం పేరూ పేజీ నంబరూ చెప్పమను, లేకపోతే పరీక్షలప్పుడు ఏది ఎందులో ఉందో వెతకలేక చస్తారు.