కండ్లు నులుముకొను పిల్లలను గమనింపుడు

హైదరాబాదు నగరమునకు పడమట నున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి ఒకప్పుడు మన ఊళ్ళవంటి ఊళ్ళే. 1998లో హైటెక్ సిటీ యందు సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప అచ్చట కంప్యూటరు కార్యాలయములు వరుసగా వెలసినవి. గ్రామములలో పుట్టి చదువుకొన్న యువకులు నేడు వేలకొలది అచ్చట పని చేయుచున్నారు. అట్టి వారిలో ఒకనిని ఈ మధ్య మేము కలిసికొంటిమి. వయస్సు 24 సంవత్సరములు. కళ్ళజోడు మానివేయు కోరికతో లేసర్ చికిత్సకై పోయినాడు. ముందు జరుపు పరీక్షలోనే డాక్టరు అతనిని ఆపి, కెరటోకోనస్ అను వ్యాధి కలదనియు, అట్టి కంటికి ఆ చికిత్స హాని చేయుననియు చెప్పినాడు. ఎనిమిదవ తరగతి నుండి ఏటేట అద్దములు మార్చుచునే యున్నను ఎవరును ఈ మాట చెప్పలేదని ఆ యువకుడు వాపోయినాడు.

ఏమిటీ వ్యాధి? నల్లగుడ్డుకు ముందు, గడియారమునకు అద్దమువలె, ఒక పారదర్శకమైన పొర కలదు. దీని పేరు కార్నియా. నడిమి భాగమున దీని మందము అర మిల్లీమీటరుకు కొంచెము ఎక్కువ, అంతే. ఈ పొర బలము తగ్గి, పలుచనై, శంకువువలె ముందునకు పొడుచుకొని వచ్చుటయే కెరటోకోనస్. వంకర అద్దములో ముఖము చూచుకొన్నట్లు అక్షరములు చెదరి కనిపించును. రాత్రివేళ ఒక దీపము చుట్టు నీడలవంటి దీపములు మరికొన్ని తోచును. నొప్పి ఉండదు, అందుచేతనే ఆలస్యము జరుగును. వృద్ధులకు వచ్చు శుక్లములతో దీనికి సంబంధము లేదు. శుక్లము కంటిలోపలి కటకమునకు పట్టునది.

సాధారణముగా ఈ వ్యాధి యౌవనారంభమున మొదలై, 35, 40 ఏండ్ల వరకు పెరిగి తరువాత నెమ్మదించును. రక్తసంబంధము కొంత కారణము. మన చేతిలో నున్న కారణ మొకటి కలదు: కండ్లు గట్టిగా నులుముకొనుట. కల్లములోని దుమ్ము, మిరప ఘాటు, కట్టెలపొయ్యి పొగ, వీటివలన దురద పుట్టిన పిల్లవాడు పిడికిళ్ళతో కండ్లు నులుముచుండును. చల్లని తడిగుడ్డ వేసి, డాక్టరునకు చూపవలెను. మందుల దుకాణములో అడిగి తెచ్చిన స్టెరాయిడ్ చుక్కలను నెలల తరబడి వేయుట ప్రమాదము. కంటిలో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చును. కంప్యూటరు చూచుటచేతనే ఈ వ్యాధి వచ్చునని కొందరు తలంతురు గాని అది నిజము కాదు. నాగపూరు సమీప గ్రామములలో 30 ఏండ్లు దాటినవారిని పరీక్షించగా నూటికి 2.3 మందిలో ఈ లక్షణము కనిపించినది. వారందరు పల్లెవాసులే.

చికిత్స కలదు. రైబోఫ్లేవిన్ అను బి2 విటమిను చుక్కలు వేసి, అతినీలలోహిత కిరణములు ప్రసరింపజేసి, పొరను గట్టిపరచు పద్ధతిని జర్మనీలోని డ్రెస్డెన్ నగర వైద్యులు రూపొందించి, 2003లో ఫలితములు ప్రకటించిరి. ఇది వ్యాధిని ఉన్నచోట నిలుపును. పోయిన చూపును మాత్రము పూర్తిగా తిరిగి తేజాలదు. కావున కాలమే ముఖ్యము. ముదిరినచో గట్టి కాంటాక్టు లెన్సులు, అవియు పనిచేయనప్పుడు దాత ఇచ్చిన కార్నియాను అమర్చుట. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఈ వ్యాధికి చికిత్స చేయుచున్నది; మెహిదీపట్నమున ప్రభుత్వ సరోజినీదేవి కంటి ఆసుపత్రి కలదు. దాతల కండ్లను మరణించిన ఆరు గంటల లోపల సేకరింపవలెనని సభ్యులు ఎరిగియుండుట మంచిది.

2018 ఆగస్టు 15న తెలంగాణలో ఆరంభమైన కంటి వెలుగు వంటి శిబిరములు ఎందరికో అద్దము లిచ్చినవి. కాని శిబిరములో చూచునది అద్దముల నంబరు. కార్నియా పటము తీయు యంత్రము పెద్ద ఆసుపత్రిలోనే ఉండును. అచ్చటికి ఎవరిని పంపవలెనో గుర్తించుట ఊరిలోనే జరుగవలెను. ఏడాదిలో రెండుసార్లు నంబరు మారిన పిల్లలెవరు, కొత్త అద్దములతోను నల్లబల్ల కనిపించని వారెవరు అని ప్రధానోపాధ్యాయుని అడిగిన చాలును. ఐదు నిమిషముల పని.

ఆ యువకునకు రెండు కండ్లకును చికిత్స జరిగినది. ఇంటిలోని వారిని కూడ చూపుమని డాక్టరు కోరగా, తొమ్మిదవ తరగతి చదువు తమ్ముని పిలిపించినాడు. వానికి ఒక కంట వ్యాధి అప్పుడే ఆరంభమైనది. బోర్డు కనిపించుట లేదని వాడు చెప్పగా, రెండేండ్ల క్రిందటనే బడిలో ముందు వరుసకు మార్చి ఊరకుండిరట.