పాత కంప్యూటర్‌లో లినక్స్: మా బాబాయ్ డీటీపీ షాపులో నేను నేర్చుకున్న పాఠం

విండోస్ 10 కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయిన దగ్గర్నుంచి నన్ను అందరూ అడుగుతున్న ప్రశ్న ఒక్కటే: "పాత సిస్టమ్‌లో లినక్స్ వేసుకోవచ్చా?" ఇంతకుముందైతే కళ్లు మూసుకుని "వేసేయండి" అనేవాణ్ణి. బీటెక్ రెండో ఏడాది నుంచి లినక్స్ వాడుతున్నా, ఆఫీసులో నేను పనిచేసే సర్వర్లన్నీ అవే. కానీ సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు మా బాబాయ్ షాపులో కూర్చున్నాక అంత తేలిగ్గా చెప్పడం మానేశాను. ఓపెన్ సోర్స్ గురించి మనం రోజూ అనే మాటల్లో ఏది నిజం, ఏది సగం నిజం అనేది నాకు అక్కడే తెలిసింది.

అసలు సమస్య ఏంటంటే

బాబాయ్‌కి తెనాలిలో చిన్న డీటీపీ షాపు ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేస్తాడు. రెండు కంప్యూటర్లు, రెండూ ఇంటెల్ ఆరో తరం ఐ3, 8 జీబీ ర్యామ్. పనికి ఇవి బాగా సరిపోతాయి. కానీ విండోస్ 11 కి అధికారికంగా టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది కావాలి. అంటే కంప్యూటర్ బాగానే ఉన్నా, లెక్కల్లో మాత్రం పాతబడిపోయింది. రెండూ మార్చాలంటే బాబాయ్‌కి ఒక సీజన్ సంపాదన పోతుంది.

ఈఎస్‌యూ అని మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. అది వాయిదా మాత్రమే. రోజుకి పాతిక మంది కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌లన్నీ పెట్టే షాపులో అప్‌డేట్లు లేని సిస్టమ్ అంటే నాకు భయమే.

లినక్స్ మింట్ వేద్దాం అన్నాను. బాబాయ్ మొదటి మాట: "ఫ్రీగా వచ్చేదానికి గ్యారంటీ ఏముంటుందిరా?"

ఫ్రీ అంటే ఉచితం కాదా?

ఈ ప్రశ్నకి నేను కాలేజీలో చదివినట్టు నాలుగు స్వేచ్ఛలు, జీపీఎల్ లైసెన్సు అంటూ మొదలుపెట్టాను. బాబాయ్ వినలేదు, ఆయన చేతిలో కార్డు ప్రూఫ్ ఉంది. అప్పుడే ఒకాయన వచ్చి, "మా వాడే చిన్న మార్పు చేసుకుంటాడు, ఆ ఓపెన్ ఫైల్ ఇవ్వండి" అన్నాడు. బాబాయ్ నవ్వుతూ, "పీడీఎఫ్ ఇస్తానండీ, ఓపెన్ ఫైల్ ఇవ్వం" అన్నాడు.

నాకు అంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. డీటీపీ షాపుల్లో ఈ మాట అందరికీ తెలుసు. పీడీఎఫ్ ఇస్తే ప్రింట్ తీసుకోవచ్చు, చూసుకోవచ్చు. ముహూర్తం మారితే మాత్రం మళ్లీ అదే షాపుకి రావాలి. ఓపెన్ ఫైల్ ఉంటే ఏ షాపులోనైనా మార్పించుకోవచ్చు. మూసి ఉన్న సాఫ్ట్‌వేర్ పీడీఎఫ్ లాంటిది, ఓపెన్ సోర్స్ ఓపెన్ ఫైల్ లాంటిది. డబ్బులు తీసుకున్నారా లేదా అనేది వేరే సంగతి. అదే చెప్పాను. "అంటే నేను చేసేది విండోస్ వాళ్లు చేసేదే అంటావ్" అన్నాడు బాబాయ్. అవునన్నాను. కాసేపు నాతో మాట్లాడలేదు.

ఇంగ్లీషులో ఫ్రీ అనే ఒకే మాటకి రెండు అర్థాలు ఉండటం వల్ల వచ్చిన గందరగోళం ఇది. తెలుగులో మనకి ఆ బాధ లేదు, ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాద్‌లో ఈ ఉద్యమం నడిపే సంస్థ పేరే స్వేచ్ఛ. అయినా మనం "ఫ్రీ సాఫ్ట్‌వేర్" అనే అంటాం, ఉచితం అనే అనుకుంటాం.

అందరికీ కోడ్ కనిపిస్తే హ్యాక్ చేసేయరా?

ఈ ప్రశ్న బాబాయ్‌ది కాదు, మా టీమ్‌లోనే ఒకడు అడిగాడు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో బ్యాక్‌డోర్ బయటపడింది గుర్తుందా? ఒక మారుపేరుతో ఎవరో రెండేళ్లకి పైగా ఓపికగా పనిచేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దాన్ని దూర్చారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు తన సిస్టమ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యం అవుతోందని అనుమానించి తవ్వితే దొరికింది.

దీన్ని రెండు వైపుల వాళ్లూ వాడుకుంటారు. "చూశావా, ఎవడైనా దూరొచ్చు" అని ఒకరు, "చూశావా, ఎవరైనా పట్టుకోవచ్చు" అని ఇంకొకరు. నా అభిప్రాయం అడిగితే, రెండూ నిజమే. కోడ్ కనిపించడం అంటే ఎవరో ఒకరు చూస్తున్నారని కాదు, చూడాలనుకున్నవాడిని ఎవరూ ఆపలేరని మాత్రమే. ఆ లైబ్రరీని అంతకుముందు ప్రధానంగా ఒక్క మనిషి ఖాళీ సమయంలో చూసుకునేవాడు. ప్రపంచమంతా వాడుతూ ఒక్కడి మీద వదిలేయడం మన తప్పు. ఓపెన్ సోర్స్ కాబట్టి ఆటోమేటిక్‌గా సేఫ్ అనే మా బ్యాచ్ వాదన నాకు ఇప్పుడు నచ్చదు.

ప్రింటర్ దగ్గర ఆగింది

ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి మింట్ బూట్ చేసి చూపించాను. ఇది అందరూ తప్పకుండా చేయాల్సిన పని, హార్డ్ డిస్క్‌లో ఏదీ మారదు. వైఫై వచ్చింది, సౌండ్ వచ్చింది, స్కానర్ కూడా పనిచేసింది. లేజర్ ప్రింటర్ మాత్రం కదల్లేదు. కంపెనీ పేరు అనవసరం, మన జిరాక్స్ షాపుల్లో అడుగడుగునా కనిపించే చిన్న ప్రింటరే.

కొన్ని చవక ప్రింటర్లకి పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ లాంటి సాధారణ భాషలు రావు. పేజీని తయారుచేసే పనంతా కంప్యూటర్‌లోని డ్రైవరే చేసి, కంపెనీ సొంత పద్ధతిలో పంపాలి. ఆ డ్రైవర్ లినక్స్‌కి సరిగ్గా లేకపోతే ప్రింటర్ ఉండీ లేనట్టే. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా కుదరలేదు. తమాషా ఏంటంటే, రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనక ఆయన చెప్పే కథ కూడా ప్రింటర్‌దే. ఎంఐటీ ల్యాబ్‌లో లేజర్ ప్రింటర్ సాఫ్ట్‌వేర్‌ని మార్చుకుందామంటే సోర్స్ కోడ్ ఇవ్వలేదట. నలభై ఏళ్ల తర్వాత తెనాలిలో నేను అక్కడే ఆగాను.

అసలు తాళం ఫాంట్లలో ఉంది

రెండో రోజు ఇంకా పెద్ద గోడ తగిలింది. బాబాయ్ దగ్గర పదిహేనేళ్ల ఫైళ్లున్నాయి, అన్నీ పేజ్‌మేకర్‌లో చేసినవి. లిబ్రే ఆఫీస్ డ్రా వాటిని తెరుస్తుంది. తెరిచింది కూడా. కానీ తెలుగు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు వచ్చాయి.

కారణం యూనికోడ్ కాని పాత ఫాంట్లు. ఏవో మీకు తెలుసు, పేరు చెప్పక్కర్లేదు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబర్ ఉంటుంది. పాత ఫాంట్లలో అలా కాదు, ఇంగ్లీషు అక్షరాలు, యూరప్ గుర్తుల నంబర్ల మీద తెలుగు బొమ్మలు అతికించారు. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు. ఆ ఫాంట్ ఉన్నంతసేపే అది పెళ్లి కార్డు. అప్పట్లో తెలుగు ముద్రణకి వేరే దారి లేదు కాబట్టి వాటిని తిట్టను. ఆ ఫాంట్లే లేకపోతే బాబాయ్ షాపూ లేదు.

కన్వర్టర్లు ఉన్నాయి. ఒక కార్డు మార్చి గర్వంగా చూపించాను. బాబాయ్ ఒక్క చూపు చూసి, "సత్యనారాయణకి యవత్తు ఏదిరా? పెళ్లికొడుకు తాతగారి పేరది. ఇది అచ్చేస్తే నా షాపు మూయాలి" అన్నాడు. నేను పట్టించుకోనే లేదు. నా దృష్టిలో 99 శాతం కరెక్ట్, ఆయన దృష్టిలో మొత్తం తప్పు. ఆయన లెక్కే సరైనది.

అంటే ఆయన్ని పట్టి ఉంచింది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు. ఫైల్ ఫార్మాట్, ఫాంట్ ఎన్‌కోడింగ్, వేళ్లకి అలవాటైన కీబోర్డు.

వేళ్ల సంగతి

ఆ మూడోదాని దగ్గరే నాకు మళ్లీ ఊపిరి వచ్చింది. బాబాయ్ యాపిల్ లేఅవుట్‌లో కీబోర్డు చూడకుండా కొడతాడు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోమంటే ఈ వయసులో కుదరదు. లినక్స్‌లో ఐబస్‌కి ఎం17ఎన్ ప్యాకేజీ కలిపితే యాపిల్ లేఅవుట్ కూడా వస్తుంది. పెట్టాను. చాలావరకు అదే, కానీ కొన్ని కీలు ఆయన అలవాటుకి తేడాగా ఉన్నాయి. ప్రతి లైన్‌కీ చెయ్యి ఆగిపోతోంది.

ఆ లేఅవుట్ ఉన్నది మామూలు టెక్స్ట్ ఫైల్‌లో. ఏ కీ నొక్కితే ఏ అక్షరం అని వరసగా రాసి ఉంటుంది. దాన్ని హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని, బాబాయ్ పక్కన కూర్చుని "ఇది కొడితే ఏం రావాలి?" అని అడుగుతూ మార్చుకుంటూ పోయాను. ఐబస్ రీస్టార్ట్ చేశాక ఆయన "శుభలేఖ" అని కొట్టాడు. ఆగకుండా కొట్టాడు. తర్వాత అడ్రస్ మొత్తం కొట్టి, "ఇది ఎవరినీ అడగకుండా మార్చావా?" అన్నాడు. ఎవరినీ అడగక్కర్లేదు బాబాయ్, ఓపెన్ ఫైల్ అన్నాను. ఈసారి అలగలేదు.

చివరికి ఏం చేశాం

ఒక కంప్యూటర్ విండోస్ 10 తోనే ఉంది, నెట్ కేబుల్ పీకేశాను. పాత ఫైళ్లు, పేజ్‌మేకర్, ప్రింటర్ దాని మీద. రెండోదాంట్లో మింట్. కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు, మెయిల్, వాట్సాప్ వెబ్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, కొత్తగా కొట్టే తెలుగు అంతా దాని మీద. కొత్త కార్డులు స్క్రైబస్‌లో, రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఓపెన్ లైసెన్స్ యూనికోడ్ ఫాంట్లతో చేస్తున్నాడు. పాత ఫాంట్లలో ఉన్నన్ని సొగసులు వీటిలో లేవని ఆయన కంప్లైంట్, నిజమే. ప్రింట్ కావాలంటే పీడీఎఫ్‌ని షాపు సొంత పెన్‌డ్రైవ్‌లో ఇటు నుంచి అటు తీసుకెళ్లాలి, దానికి రోజూ నన్ను తిట్టుకుంటాడు.

మీరూ మార్చాలనుకుంటే, ముందు ఏ డిస్ట్రో అని నన్ను అడగకండి. రోజూ చేసే పనులు ఒక కాగితం మీద రాసి, లైవ్ పెన్‌డ్రైవ్ మీద ఒక్కొక్కటి చేసి చూడండి. ప్రింటర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్, పాత ఫైళ్లు, టైపింగ్. ఈ నాలుగూ పాసైతే మిగతావి పెద్ద కష్టం కాదు. బ్యాకప్ వేరే డిస్క్‌లో తీసుకున్నాకే ఇన్‌స్టాల్ బటన్ నొక్కండి.

పోయిన వారం బాబాయ్ ఫోన్ చేశాడు. ఎవరో పాత కార్డు అడిగితే మింట్ సిస్టమ్‌లో సెర్చ్‌లో తెలుగులో ఇంటిపేరు కొట్టాడట, మూడు కార్డులు వచ్చాయట. పాత ఫైళ్లలో ఇలా ఎప్పుడూ దొరకలేదు, ఫోల్డర్‌కి ఇంగ్లీషులో పెట్టిన పేరు గుర్తుంటేనే దొరికేవి. "మరి మిగతా పదిహేనేళ్లవీ ఎప్పుడు మారుస్తావురా?" అని అడిగాడు. యవత్తు పోకుండా కన్వర్టర్ సరిచేస్తున్నా, 2011 ఫోల్డర్‌లో సగం అయ్యింది.