కట్లు విప్పువారు

పాఠ్యభాగములు: యోహాను 11:38–44, గలతీ 6:1, యాకోబు 5:16

లాజరును సమాధిలోనుండి పిలిచినవాడు ప్రభువే. అయితే కాళ్లు చేతులు ప్రేతవస్త్రములతో కట్టబడి వెలుపలికి వచ్చినవాని కట్లు విప్పు పనిని ఆయన అక్కడ నిలిచియున్నవారికి అప్పగించెను. నాలుగు దినముల వాసన వారి చేతులకు అంటియే యుండును. త్రాగుడు మానిన సహోదరునియెడల సంఘము చేయవలసిన పని ఇదియే అని మేము తలంచుచున్నాము.

మన నూజివీడు తోటలలో బంగినపల్లి, రసాలు దిగు వేసవిలో కోతకూలి చేతిలో పడును. ఇంటికి వచ్చు దారిలోనే దుకాణముండును. ఉజ్జీవకూటములో లేచి నిలిచి “ఇక ముట్టను” అన్నవానికి ఆ దారిలో తోడెవరు? ప్రమాణము చేయించుట మనకు సులభము. మరునాటి సాయంకాలము వానితో నడచుట కష్టము.

చట్టమువలన కొంత మేలు కలిగెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుటకు కూడిన స్త్రీలే సారా దుకాణమును మూయించిరి. వారు రేపిన ఉద్యమమువలన 1993 అక్టోబరు 1న సారాయు, 1995 జనవరి 16న సమస్త మద్యమును నిషేధింపబడెను. 1997లో ఆ నిషేధము సడలింపబడెను. దుకాణము తెరచియున్నను మానియుండువాని సంగతి మనము చూడవలెను.

1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున బిల్ విల్సన్ అనునతడు వ్యాపారము చెడి హోటలులో ఒంటరిగా నుండెను. త్రాగుడు మాని కొద్దినెలలే. మనస్సు మరల అటు లాగెను. అతడు ఒక పాదిరిగారికి ఫోను చేసి, తనవంటి మరియొక త్రాగుబోతును చూపుమని వేడెను. ఆలాగున బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు దొరికెను. బిల్ వెళ్లినది బోధించుటకు కాదు, తాను నిలుచుటకే. బాబ్ మానెను గాని, కొన్ని వారములలోనే ఒక వైద్యసభకు పోయి మరల త్రాగి వచ్చెను. బిల్ అతని విడువలేదు. బాబ్ కడపటిసారి త్రాగిన 1935 జూన్ 10వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసము పుట్టిన దినముగా ఎంచుదురు. తొలినాళ్లలో వారు యాకోబు పత్రికను మిక్కిలి ప్రీతితో చదివిరట. ఒకనితో ఒకడు పాపము ఒప్పుకొనుమన్న మాట అందులోనిదే గదా.

మనలో రెండవసారి పడినవాని పేరు ఆదివారమునకు ముందే ఊరంతయు తెలియును. గలతీ 6:1లో అట్టివానిని మంచిదారికి తెమ్మని చెప్పిన గ్రీకు మాటయే మత్తయి 4:21లో జాలరులు వలలు బాగుచేయుటకు వాడబడినది. చినిగిన వలను ఏ జాలరియు ఏటిలో పారవేయడు.

ఒక హెచ్చరిక. ఏండ్ల తరబడి దినదినము త్రాగినవాడు హఠాత్తుగా మానినయెడల వణకు, మూర్ఛ, మతిభ్రమ కలుగవచ్చును, ప్రాణమునకే అపాయము. ప్రార్థన చేయుడి, ఆసుపత్రికి తీసికొని పొండి. మందు మింగుట అవిశ్వాసమని చెప్పువారి మాట వినవద్దు. 14446 నంబరుకు ఫోను చేసినయెడల ఉచితముగా సలహా దొరకును.

మానిన ఇద్దరున్నను చాలును. వారమున కొక సాయంకాలము, కూలి చేతికి వచ్చు దినమున, గుడి వరండాలో కూర్చుండనిండి. పెద్దలు దూరముగా నుండుట మేలు. అక్కడ విన్నది టీకొట్టుకు చేరకూడదు. బల్లలో ద్రాక్షారసము పులియనిదై యుండవలెను. దాని వాసనయే కొందరికి శోధన. వారి భార్యలు వేరొక దినమున కూడుదురుగాక, వారికిని చెప్పుకొనవలసినది చాలా ఉన్నది.