ఢిల్లీనుండి టోకియోకు: దూరమొకటి, కాలము రెండు

ఒక విమానము ఢిల్లీలో రాత్రి 8 గంటలకు బయలుదేరి మరునాటి యుదయము 7½ గంటలకు టోకియో చేరినదనుకొందము. తిరుగు విమానము టోకియోలో పగలు 11 గంటలకు బయలుదేరి ఆ సాయంకాలము 5 గంటలకే ఢిల్లీలో దిగినదనుకొందము. గడియారమును బట్టి చూచినచో పోవుటకు 11½ గంటలు, వచ్చుటకు 6 గంటలు పట్టినట్లు తోచును. కాని నిజముగా దీర్ఘమైనది తిరుగు ప్రయాణమే. అదెట్లో విచారింతము.

మొదట గడియారపు సంగతి. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తిరుగుచున్నది. మన దేశకాలమునకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడ సమీపమున పోవుచున్నది. జపాను కాలమునకు ఆధారము 135 డిగ్రీల రేఖాంశము. ఈ రెంటి భేదమగు 52½ డిగ్రీలను 15చే భాగింపగా 3½ గంటలు వచ్చును. జపాను గడియారము మనకంటె అంత ముందుండును. కావున 11½ నుండి 3½ తీసివేయగా పోవుటకు 8 గంటలు. 6కు 3½ కలుపగా వచ్చుటకు 9½ గంటలు.

ఇక దూరము. గోడపటముపై గీచిన తిన్నని గీతను నమ్మరాదు. భూమి గుండ్రనిది గదా! గ్లోబుమీద రెండు నగరములకు నడుమ దారమును బిగించి చూడుడు. అది ఉత్తరమునకు వంగి, నడిమి భాగమున టోకియోకంటెను ఉత్తరముగా నుండును. ఆ దారము సుమారు 5,840 కిలోమీటర్లకు సమానము. అయినను విమానములు సాధారణముగా సరిగా దాని వెంబడి పోవు. లోపలి గాలి యొత్తిడి తగ్గినచో విమానము సుమారు 3,000 మీటర్ల యెత్తునకు దిగవలెను. టిబెట్టు పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు. అందుచేత కొంత చుట్టుదారి తప్పదు.

రాకపోకలకు దూరము దాదాపు సమానమే. మరి కాలభేదమెందుకు? ఆ యెత్తున పడమటినుండి తూర్పునకు మహావేగముతో వీచు గాలియే కారణము. దీనికి జెట్ ప్రవాహమని పేరు. శీతకాలమున జపానుపై నిది గంటకు 300 కిలోమీటర్లను మించుటయు కలదు. వాసబురో ఓయిషి యను జపాను శాస్త్రజ్ఞుడు టోకియోకు ఈశాన్యముననున్న తతెనో పరిశోధనాలయమునుండి బుడగలను వదలి ఈ గాలిని కొలిచి, 1926లో ఎస్పెరాంటో భాషలో ప్రకటించెను. ఆ భాష నెరిగినవారు స్వల్పులగుటచే లోకము గమనింపలేదు. 1944లో జపానుపై నెగిరిన అమెరికా విమానికులు ఆ గాలికి చిక్కి యాశ్చర్యపడిరి. తెలిసిన సత్యమైనను పదుగురికి తెలియు మాటలలో చెప్పకున్నచో నెంత నష్టము!

ఒక చిన్న లెక్క చేయుదము. దారి 6,000 కిలోమీటర్లు, విమానవేగము గంటకు 900, గాలివేగము 100. గాలి లేనిచో 6 గంటల 40 నిమిషములు పట్టును. గాలి వెంటనున్న 6 గంటలు. ఎదురైన 7½ గంటలు. గాలి యిచ్చినది 40 నిమిషములు, తీసికొనినది 50 నిమిషములు! ఎదురుగాలిలో నెక్కువసేపు ఉండవలసి వచ్చుటయే యిందుకు కారణము. చుట్టుదారి, ఎక్కుట, దిగుట వీనికగు కాలము ఇందు చేరలేదు.

అభ్యాసము: దారి 5,400 కిలోమీటర్లు, విమానవేగము 900, గాలివేగము 180 అయినచో గాలి యిచ్చు కాలమెంత? తీసికొను కాలమెంత? ముందుగా నూహించి, పిదప లెక్క చేయుడు.