మిలిటరీ పింఛను: ఆలూరు పక్క నేను నేర్చుకున్నవి

వానలు పడితే పత్తి, పడకపోతే ఇంటికి తాళమేసి గుంటూరు పక్కకు సుగ్గికి, అంటే వలస కూలికి, పోవడం. మా కర్నూలు జిల్లా ఆలూరు, ఆస్పరి, హొళగుంద పల్లెల్లో ఈ రెండు దారులూ కాకుండా మూడోది కోరుకున్న పిల్లోళ్ళు మిలిటరీకి పోయినారు. నేనూ అట్లే పోయి, హవల్దారుగా ఇంటికొచ్చినాను. అప్పట్నుంచీ తోటి జవాన్ల అర్జీలు, చనిపోయినోళ్ళ భార్యల అర్జీలు రాసిపెడుతున్నాను. ఆ పనిలో తెలిసినవి ఇవి.

1. డబ్బు ఉందని ముందు నమ్మండి. 2025-26 రక్షణ బడ్జెట్టు సుమారు 6.81 లక్షల కోట్లు. అందులో పింఛన్లకే 1.60 లక్షల కోట్లు, తీసుకునేవాళ్ళు 34 లక్షల మంది పైచిలుకు. సైన్యానికి వయసులో ఉన్నోళ్ళు కావాలి కాబట్టి, నలభై నిండీ నిండకముందే జవానును ఇంటికి పంపిస్తారు. పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అన్నీ ఆ తర్వాతే. అందుకే ఈ పింఛను. ఆఫీసుల్లో చేతులు కట్టుకొని నిలబడాల్సిన పని లేదు.

2. భార్య పేరు సరిచూసుకోండి. అన్నిటికంటే ఎక్కువ కుటుంబాలు దెబ్బతినేది ఇక్కడే. 1953 దాకా ఆలూరు తాలూకా బళ్ళారి జిల్లాలో ఉండేది, మా ఇళ్ళలో ఇప్పటికీ తెలుగూ కన్నడమూ కలిసే ఉంటాయి. పుట్టింట్లో ఈరమ్మ, బడి సర్టిఫికెట్టులో వీరమ్మ, ఆధార్‌లో వీరేశమ్మ. సెలవు మీదొచ్చి పెళ్ళి చేసుకొని పోయిన జవాను హడావుడిగా యూనిట్‌లో ఏదో ఒకటి రాయిస్తాడు. అదే పార్ట్-టూ ఆర్డర్‌లో, అంటే యూనిట్ రాసుకునే కుటుంబ వివరాల ఉత్తర్వులో, ఎక్కుతుంది, అదే డిశ్చార్జి బుక్కులోకీ పింఛను కాగితంలోకీ వస్తుంది. ఆయప్ప ఉన్నన్నాళ్ళూ ఎవరికీ పట్టదు. పోయిన మర్సటి నెల నుంచి, ఆ పేరుగల మనిషి తానేనని ఆయమ్మ రుజువు చేసుకోవాల. మా పక్క పల్లెలో ఒకామె మొగుడి పింఛను ఆగిపోయి, తన పింఛను మొదలుగాక, పరాయోళ్ళ చేలల్లో పత్తి తీసి ఇద్దరు పిల్లల్ని సాకింది. ప్రభుత్వం ఆమెకు ఇవ్వనని ఎప్పుడూ అనలేదు. రెండక్షరాల తేడా అడ్డం పడింది, అంతే.

ఆ ఆలస్యం ఎంత నష్టమో చూడండి. రిటైరైనాయన చనిపోతే, 7 ఏళ్ళ దాకా గానీ ఆయనకు 67 నిండాల్సిన రోజు దాకా గానీ, ఏది ముందైతే అంతదాకా, కుటుంబ పింఛను ఎక్కువ రేటున వస్తుంది. ఆ తర్వాత చివరి జీతంలో 30 శాతమే. చేతికి ఎక్కువ రావాల్సిన ఆ కాలంలోనే పిల్లలు చిన్నోళ్ళు, అప్పులు పెద్దవి. బకాయి తర్వాత ఒక్కసారిగా వచ్చినా, వడ్డీకి తెచ్చినదానికే సరిపోతుంది. అందుకే తమ్ముళ్ళకు చెప్తాను: మీరుండగానే అఫిడవిట్టు, ఆధార్, ఇద్దరూ కలిసి దిగిన ఫోటో పెట్టి రికార్డు ఆఫీసుకు రాయండి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు కూడా అప్పుడే ఎక్కించండి.

3. ఏటా బతికున్నట్టు చూపించుకోవాలి. ఇప్పుడు దాదాపు పింఛన్లన్నీ స్పర్శ్ అనే ఆన్‌లైన్ పద్ధతి కిందికి వచ్చినాయి, జీవన ప్రమాణ్ పత్రం ఇవ్వకపోతే ఆగిపోతాయి. చేని పనితో వేలిముద్రలు అరిగిపోయిన ముసలాయన్ను మిషన్ గుర్తుపట్టదు. ముఖం చూపించి చేసే పద్ధతి ఫోన్లోనే ఉంది, మనవడి చేత చేయించుకోండి.

4. పింఛను లేనోళ్ళను వెతికి పట్టుకోండి. 15 ఏళ్ళ సర్వీసు నిండకుండా ఇంటికొచ్చిన జవానుకు సర్వీసు పింఛను రాదు. అట్లాంటివాళ్ళు యుద్ధానికి పోయి వచ్చినా, తమకేమీ రాదనుకొని గమ్మునుంటారు. రక్షామంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి, హవల్దారు ర్యాంకు దాకా, 65 దాటి, వేరే ఆదాయం లేనోళ్ళకు నెలకు 4,000 ఇచ్చేవారు. 2025 నవంబరు 1 నుంచి పెట్టే అర్జీలకు అది 8,000 అయింది. వితంతువులకూ వర్తిస్తుంది. పిల్లల చదువు సాయం నెలకు 2,000, కూతురి పెళ్ళికి లక్ష. ఈ సొమ్ము సాయుధ దళాల పతాక దినం నిధిది. 1949 నుంచి డిసెంబరు 7న జెండా బిళ్ళలమ్మి జనం దగ్గర పోగుచేసేది దానికే. బడిపిల్లోళ్ళు ఇచ్చిన రూపాయి కూడా అందులో ఉంది. అది మన ఊరి ముసలాయనకు చేరకపోవడం నాకు చాలా బాధ.

5. మాజీ సైనికుల వైద్య పథకం ఇ.సి.హెచ్.ఎస్. కార్డు ఇంట్లో మీ మీద ఆధారపడినోళ్ళందరికీ చేయించండి. 2003 ఏప్రిల్ 1న మొదలైంది. 2025-26లో దీనికి 8,317 కోట్లు పెట్టినారు. అయినా బిల్లులు రాలేదని మన కార్డును తిప్పిపంపే ఆసుపత్రులు ఉన్నాయి. ప్రాణం మీదికొస్తే ఏ ఆసుపత్రిలోనైనా చేర్చండి, 48 గంటల్లోపు ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్కుకు తెలియజేయండి. గుర్తుంచుకోవాల్సింది ఆ 48 గంటలే.

6. 80 నిండితే పింఛను 20 శాతం పెరుగుతుంది, 85కు 30, 90కి 40. పుట్టిన తేదీ తప్పుగా ఎక్కితే ఇదీ రాదు. ఒకే ర్యాంకు ఒకే పింఛను 2014 జులై 1 నుంచి వర్తించింది, 2019 నుంచి, 2024 నుంచి వర్తించేలా మళ్ళీ సవరించినారు. ప్రతి సవరణ తర్వాత మీ మొత్తం మారిందో లేదో చూసుకోండి.

7. సర్కారు ఇచ్చిన డి-పట్టా భూమిని మాజీ సైనికుడు పదేళ్ళ తర్వాత అమ్ముకోవచ్చు. దళారి మాట విని ముందే చేతులు మార్చుకోవద్దు.

8. ఆఖరుది, పాలించేవాళ్ళకు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్ళలో భరిస్తాయి. ఢిల్లీ నుంచి కోట్లు కదిలినా, సంతకం కావాల్సింది ఆ చిన్న ఆఫీసులోనే. ఆలూరు నుంచి ఆ ఆఫీసున్న కర్నూలు నూరు కిలోమీటర్లకు పైనే. డెబ్బై ఏళ్ళ అవ్వ ఒక కూలి పొద్దు పోగొట్టుకొని బస్సెక్కి పోతే, జిరాక్సు తక్కువైందని మళ్ళీ రమ్మంటారు. నెలకొక రోజు, సంతనాడు, ఒక గుమాస్తా, ఒక కంప్యూటరు ఆలూరుకు రావాలి. ఆ రోజు మా పక్కోళ్ళ జీవన ప్రమాణ్, పేరు సవరణ, సాయం అర్జీలు ఇక్కడే తీసుకొని రసీదు ఇవ్వాలి.