ఆసుపత్రిలో పిల్లలు: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. లుకేమియాకి హైదరాబాద్‌లో వైద్యం చేయిస్తున్నాం. ఏడుస్తాడని ‘అమ్మమ్మ వాళ్లింటికి’ అని చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. ఇప్పుడు నిజంగా ఊరికి బయల్దేరినా బస్సెక్కనంటున్నాడు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. జబ్బు సంగతి వాడికి చెప్పాలా?
- ఒక తల్లి, వరంగల్

జవాబు: చెప్పాలమ్మా. ముందు ఆ అమ్మమ్మ ఇంటి మాట మానేయండి. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకం లుకేమియాకి వైద్యం రెండు నుంచి మూడేళ్లు సాగుతుంది. అన్నాళ్లు అబద్ధంతో నెట్టుకురాలేరు.

ఆసుపత్రికి వెళ్తున్నామనీ, సూది వేస్తారనీ ముందురోజు చెబితే చాలు. ‘నొప్పే ఉండదు’ అనకండి. ‘కాస్త నొప్పేస్తుంది, నేను పట్టుకునే ఉంటా’ అనండి. బల్లమీద పడుకోబెట్టి నలుగురు అదిమిపడితే భయం రెట్టింపవుతుంది. వీలైన చోట ఒళ్లో కూర్చోబెట్టుకుంటానని నర్సుని అడగండి. చర్మాన్ని మొద్దుబార్చే క్రీములున్నాయి. సూదికి దాదాపు గంట ముందు రాయాలి, అందుకని డాక్టరుతో ముందే మాట్లాడి ఉంచండి. ఏ చేతికి వేయించుకోవాలో కుదిరితే వాణ్నే చెప్పనివ్వండి.

ఇంకో సంగతి. ఈ వయసు పిల్లలు చాలామంది తాము అల్లరి చేసినందుకే జబ్బొచ్చిందనుకుంటారు, పైకి మాత్రం చెప్పరు. అన్నం తినకపోతే సూది వేయిస్తామని బెదిరించేది మనమే కదా! ‘నువ్వేం చేసినందుకూ రాలేదు. నీ రక్తంలో కొన్ని కణాలు చెడిపోయాయి, ఈ మందు వాటికోసం’ అని చెప్పండి. ఒకసారి చెబితే సరిపోదు.

పక్క తడపడం భయంవల్ల కావచ్చు, తిట్టకండి. కానీ ఈ వైద్యంలో ఇచ్చే స్టెరాయిడ్లతో షుగర్ పెరిగినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా అలాగే జరుగుతుంది. ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుకి తప్పక చెప్పండి.

ప్రశ్న: మా రెండేళ్ల పాపకి ఆపరేషనయింది. మమ్మల్ని చూస్తే ఏడుస్తోందని, బయటే ఉండమంటున్నారు. మేం లేనప్పుడు బుద్ధిగా ఉంటోందట. నిజమేనా?
- ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఏడుపు మానినంత మాత్రాన కుదుటపడినట్టు కాదు. ఇంగ్లండులో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే పరిశోధకుడు 1952లో ఒక సినిమా చూపించాడు. రెండేళ్ల పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటుంది. పెద్దగా గొడవ చేయదు. రోజులు గడిచేకొద్దీ తల్లి వచ్చినా ముభావంగా ఉండిపోతుంది. మొదట్లో చాలామంది డాక్టర్లు ఆ సినిమామీద మండిపడ్డారు. 1959కల్లా ఆసుపత్రుల్లో పిల్లల బాగోగులపై అక్కడి ప్రభుత్వం తరఫున వేసిన ప్లాట్ కమిటీయే తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలనీ, చిన్నపిల్లల తల్లుల్ని వెంట ఉండనివ్వాలనీ సిఫారసు చేసింది.

మీ పాప మిమ్మల్ని చూసి ఏడుస్తోందంటే, మీ దగ్గర ఏడవొచ్చన్న ధైర్యం ఇంకా ఉందన్నమాట. ఐసీయూ నియమాలు వేరు. మామూలు వార్డులో మాత్రం రాత్రిళ్లు కూడా ఒకరిని తోడుండనివ్వమని గట్టిగా అడగండి.