పొడవెక్కువైన రెడీమేడ్ పరదాలను సరిచేసుకోవడం

రంజాన్ నెల సగం గడిచేసరికి ఇళ్లలో సున్నాలూ రంగులూ పూర్తయి పరదాల వంతు వస్తుంది. కుట్టించుకునే తీరిక లేక చాలామంది రెడీమేడ్‌వే కొంటారు. ఇవి ఎక్కువగా 5, 7, 9 అడుగుల పొడవుల్లో దొరుకుతాయి. 5 కిటికీకి, 7 గుమ్మానికి, 9 ఎత్తయిన తలుపులకు అని దుకాణం లెక్క. రాడ్డు బిగించేవారు ఆ లెక్క చూసి బిగించరు కదా! 7 అడుగులది చాలదు, 9 అడుగులది నేలమీద పడి దుమ్మంతా ఊడుస్తుంది.

పండగ ముందు మా కుట్టు తరగతికి ఇలాంటి పరదాలే ఎక్కువ వస్తాయి. కొన్నేళ్ల క్రితం ఒక దాత ఇంటి నుంచి వచ్చిన కాటన్ జతను కొలిచి, ఎక్కువున్నది కత్తిరించి, అంచు నీటుగా కుట్టి పంపాం. మొదటి ఉతుకుకే అవి నేలకు నాలుగు వేళ్లు పైకెక్కాయి. తప్పు మాదే. ఆ ఇంటివారు "పోనివ్వండి ఆపా, కిటికీకి వేసుకుంటాం" అన్నారు గానీ, కుట్టిన అమ్మాయి వారం రోజులు తలెత్తలేదు. అంచు కుట్టినందుకు ఆమెకు వచ్చే కూలి ఎంత, కొత్త జత ఖరీదు ఎంత? అప్పటినుంచి మా తరగతిలో కత్తెర అన్నిటికంటే చివర బయటికి వస్తుంది.

కాటన్ పరదా అయితే ముందు ఒకసారి ఉతికి ఆరేయాలి. మొదటి ఉతుకులో 100 అంగుళాలకు మూడు నాలుగు అంగుళాలు కుంచించుకుపోవడం మామూలే. పాలిస్టర్‌కు ఆ భయం లేదు. దానికి భయమల్లా ఇస్త్రీపెట్టె వేడి.

తర్వాత పరదాను దాని రాడ్డుకే వేలాడదీసి ఒక రాత్రి వదిలేయాలి. బరువైన గుడ్డ కొంచెం సాగుతుంది. కొలత నేలమీద పరిచి తీసుకోకూడదు. రాడ్డు పైఅంచు నుంచి నేల వరకు ఎడమవైపు, మధ్యలో, కుడివైపు మూడుచోట్ల టేపు పెట్టండి. పాత ఇళ్లలో నేల ఒకే మట్టంలో ఉండదు, తేడా ఉంటే తక్కువ వచ్చిన కొలతే తీసుకోవాలి. రింగుల పరదాకు రాడ్డు పైన ఒకటిన్నర అంగుళం గుడ్డ నిలబడి ఉంటుంది, దాన్ని కలపాలి. కింద నేల తగలకుండా అర అంగుళం తీసేయాలి.

ఒక లెక్క చూద్దాం. రాడ్డు నుంచి నేలకు 92 అంగుళాలు. ఒకటిన్నర కలిపి అర తీసేస్తే పరదా 93 అంగుళాలు ఉండాలి. 9 అడుగులంటే 108 అంగుళాలు, కాబట్టి 15 ఎక్కువ. కింది పాత అంచు కుట్టు విప్పితే ఇంకో రెండు అంగుళాలు వచ్చాయనుకోండి, మొత్తం 17. నాలుగేసి అంగుళాల చొప్పున రెండు మడతలు వేస్తే 8 పోతుంది. మిగిలిన 9 కత్తిరించవచ్చు.

కత్తిరించకపోతే? అద్దె ఇంట్లో ఉండేవారికి మేము చెప్పేది అదే. ఎనిమిదిన్నర అంగుళాల మడత రెండుసార్లు వేస్తే ఆ 17 అంగుళాలూ అంచులోనే దాగిపోతాయి. ఇల్లు మారితే కుట్టు విప్పుకోవచ్చు, గుడ్డ ఇంకా కుంచించుకుపోయినా దించుకోవచ్చు. అయితే ఇది దళసరి గుడ్డకే. పల్చటి పరదాలో పగటి వెలుతురుకు ఆ మడత నల్లటి పట్టీలా కనబడుతుంది.

కుట్టేటప్పుడు మడతను ముందు ఇస్త్రీతో అణిచి, గుండుసూదులు పెట్టి, పొడవైన కచ్చా కుట్టు వేసి మళ్లీ వేలాడదీసి చూడాలి. పరదాలు రెండుంటే పక్కపక్కన వేలాడదీయండి. పువ్వుల డిజైను ఉంటే పువ్వుకు పువ్వు సరిపోవాలి, అందుకే కొలత ఎప్పుడూ పైనుంచే. దళసరి గుడ్డకు 16 నంబరు సూది, కాస్త పొడవు కుట్టు చాలు. చేతి కుట్టు వేస్తే ముందువైపు దారం కనబడదు. ఓపిక ఉన్నవారికి అదే అందం.

వెలుతురు ఆపే పూత ఉన్న పరదాలతో జాగ్రత్త. వాటిలో సూది దిగినచోట రంధ్రం అలాగే ఉండిపోతుంది. గుండుసూదులకు బదులు బట్టల క్లిప్పులు వాడండి, పాత అంచు విప్పకుండా దాని పైనుంచే కత్తిరించండి. లైనింగు విడిగా వేలాడే రకమైతే, దాన్ని పైగుడ్డకంటే ఒక అంగుళం పొట్టిగా విడిగానే మడవాలి.

కింద జరీ అంచో బార్డరో ఉంటే దాన్ని ఎవరికీ కోయబుద్ధి కాదు. అప్పుడు బార్డరుకు సరిగ్గా పైన అడ్డంగా ఒక మడత పట్టి కుట్టేయాలి. మూడు అంగుళాలు తగ్గాలంటే ఒకటిన్నర అంగుళం లోతు మడత. వెనక్కి తిప్పి ఇస్త్రీ చేస్తే, కుట్టు బార్డరు గీతలో కలిసిపోతుంది.

దాతలు పాత పరదాలు పంపేటప్పుడు రింగులతో సహా, పాత అంచు విప్పకుండా, కత్తిరించకుండా పంపితే మాకు ఎక్కువ పనికొస్తాయి. పొడవు తెలిస్తే ఒక చీటీమీద రాసి సంచిలో వేయండి. కోయగా మిగిలిన పట్టీలున్నా పారేయకండి, పరదా పక్కకు కట్టే పట్టీలు మా పిల్లలు మొదట నేర్చుకునేది వాటిమీదే.